ఆ పనిలో ఒక రోజు ఎలా గడుస్తుంది?

నల్లగొండలో డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థుల ముందు, మందుల కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగాన్ని చూస్తున్న ఒక రసాయన శాస్త్ర పట్టభద్రురాలు చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

ఇందాక లోపలికి వస్తూ మెట్ల దగ్గర నిలబడి ఉన్న నలుగురిని పలకరించాను. డిగ్రీ అయిపోయాక ఏం చేద్దామనుకుంటున్నారని అడిగాను. ఒకరు గ్రూప్స్ అన్నారు. ఒకరు సాఫ్ట్‌వేర్ అన్నారు. ఒక అమ్మాయి "ఏదో ఒక ఉద్యోగం మేడం" అంది. నాలుగో అబ్బాయి తల వంచుకున్నాడు. సాఫ్ట్‌వేర్ అన్న అబ్బాయిని ఇంకొక్క మాట అడిగాను. "నాయనా, ఆ ఉద్యోగం వచ్చిందనుకుందాం. మంగళవారం పొద్దున పదకొండు గంటలకు నువ్వు ఏం చేస్తూ ఉంటావు?" కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటానన్నాడు. కూర్చుని ఏం చేస్తావు అంటే ఆగిపోయాడు.

అతన్ని తప్పుపట్టడానికి ఈ సంగతి చెప్పడం లేదు. ఆ వయసులో నన్ను అడిగినా అలాగే ఆగిపోయేదాన్ని. నేను ఇవాళ మీ దగ్గరికి వచ్చింది ఆ ఒక్క ప్రశ్న కోసమే. ఉద్యోగాల పేర్లు మనందరికీ తెలుసు. ఆ ఉద్యోగాల్లో రోజు ఎలా గడుస్తుందో తెలియదు. పేరు చుట్టాలకు చెప్పుకోవడానికి పనికొస్తుంది. రోజును మాత్రం మనమే గడపాలి, పొద్దున లేచి, బస్సెక్కి, సాయంత్రం దాకా.

మాది మర్రిగూడ మండలంలో ఒక పల్లె. ఈ జిల్లాలో పుట్టిన వాళ్ళకు మర్రిగూడ అనగానే ఏం గుర్తొస్తుందో చెప్పనక్కర్లేదు. నాకు ఊహ తెలిసేనాటికే మా నాయనమ్మ నడుము వంగిపోయి ఉంది. ఆమె ఆకాశం చూడాలంటే మంచం మీద పడుకోవాలి. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని, అది ఎముకల్లో చేరుతుందని ఊళ్ళో అందరికీ తెలుసు. కానీ తాగడానికి వేరే నీళ్ళు లేవు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకాయన చిన్న పెట్టె పట్టుకుని మా బడికి వచ్చాడు. రెండు గాజు గొట్టాలు తీశాడు. ఒకదాంట్లో తన వెంట తెచ్చుకున్న శుద్ధమైన నీళ్ళు పోశాడు, రెండోదాంట్లో మా బడి బోరు నీళ్ళు. రెండింటిలోనూ ఎర్రటి మందు చుక్కలు వేశాడు. ఆయన నీళ్ళలో ఎరుపు ఎరుపుగానే నిలిచింది. మా నీళ్ళలో ఆ ఎరుపు విరిగి, పలచబడి, పసుపు రంగుకు తిరిగింది. నేను బెంచీ ఎక్కి నిలబడి చూశాను. మా నాయనమ్మ నడుమును వంచినది నాకు ఆ రోజు కంటికి కనిపించింది. ఆ మందులో జిర్కోనియం, అలిజరిన్ ఉంటాయని, నీళ్ళలోని ఫ్లోరైడ్ జిర్కోనియాన్ని తనవైపు లాక్కుంటే ఎరుపు పోయి పసుపు మిగులుతుందని డిగ్రీలో తెలిసింది. పటిక, సున్నం వేసి కలియబెట్టి, తేర్చి, వడకట్టి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి ఒకటుందని, నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించిన ఆ పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని మన ఊరి పేరే పెట్టారని కూడా అప్పుడే తెలిసింది. ఇథియోపియాలో, టాంజానియాలో నీటి ఇంజనీర్లు కూడా మన ఊరి పేరు పలుకుతారు. మన కష్టం పేరున అక్కడి దాకా వెళ్ళిన ఆ మాట విన్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఇప్పుడు నేను చేసిన పొరపాటు చెబుతాను. ఆ గాజు గొట్టంలో రంగు మారడం చూసి అంతగా కదిలిపోయిన పిల్ల ఏం కావాలనుకోవాలి? నేను డాక్టర్ కావాలనుకున్నాను. మార్కులు బాగా వచ్చే పిల్ల, ఇంట్లో జబ్బు మనిషి ఉన్న పిల్ల, డాక్టరే కావాలి. ఇంట్లో అదే అన్నారు, బడిలో అదే అన్నారు, నేనూ అదే నమ్మాను. ఇంటర్ తర్వాత రెండేళ్ళు ఎంసెట్ రాశాను. సీటు రాలేదు. రెండోసారి ర్యాంకు వచ్చిన రోజు నేను ఇంటికి వెళ్ళలేదు, హాస్టల్‌లోనే పడుకున్నాను.

ఆ తర్వాత నెలకు నాయనమ్మను సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. పొద్దున ఎనిమిదింటికి చీటీ తీసుకుంటే మధ్యాహ్నం ఒంటిగంటకు మా వంతు వచ్చింది. అయిదు గంటలు ఓపీ గది గుమ్మం పక్కన కూర్చున్నాను. డాక్టర్ గారి పని అంతసేపు దగ్గర నుంచి చూడడం నాకు అదే మొదటిసారి. ఒక మనిషి వెళ్ళగానే ఇంకో మనిషి. ఏడ్చే తల్లిని ఊరుకోబెట్టాలి, మందు వేసుకోని ముసలాయనను మందలించాలి, రెండు నిమిషాల్లో తేల్చి చెప్పాలి. ఆయన చేస్తున్నది అంతా మనుషులతో పని. నాకు ఇష్టమైనది ఎవరూ తొందరపెట్టని చోట కూర్చుని, ఒక ద్రవంలో ఏముందో కనిపెట్టడం. ఆ సంగతి నాకు ఆ గుమ్మం పక్కన తెలిసింది. అదే గుమ్మం దగ్గర రెండేళ్ళ ముందు ఒక్క రోజు కూర్చుని ఉంటే నా రెండేళ్ళు మిగిలేవి, మా నాయనకు అప్పు తప్పేది.

తర్వాత ఇక్కడే, నల్లగొండలో, బీఎస్సీలో చేరాను. అప్పట్లో మన పట్టాల మీద ఉస్మానియా పేరుండేది. మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం మనకు వచ్చింది 2007లో. 2000 సంవత్సరంలో నా డిగ్రీ పూర్తయింది.

మొదటి ఉద్యోగం కథ చెప్పే ముందు, ఉద్యోగం పేరుతో పోగొట్టుకున్న డబ్బు గురించి చెప్పాలి. పట్టా చేతికి రాగానే ఒక మనిషి మా ఇంటికి వచ్చాడు. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో ఉద్యోగం ఖాయం చేస్తానని, ముందు డిపాజిట్ కట్టాలని అన్నాడు. మా నాయన మేకలు అమ్మి ఏడు వేలు ఇచ్చాడు. ఆ మనిషి మళ్ళీ కనిపించలేదు. మా నాయన నన్ను ఒక్క మాట అనలేదు. ఖాళీ అయిన దొడ్డి వైపు చూడకుండా చాలా రోజులు తిరిగాడు. ఇది మీరు గుండెల్లో పెట్టుకోండి: నిజంగా మనిషి అవసరమున్న కంపెనీ తానే జీతం ఇస్తుంది, మన దగ్గర పైసా అడగదు. రిజిస్ట్రేషన్ రుసుమన్నా, శిక్షణ డిపాజిట్ అన్నా, ల్యాప్‌టాప్ పూచీకత్తు అన్నా, ఫోనులో ఎంత తియ్యగా మాట్లాడినా, డబ్బు అడిగారంటే ఆ మాట అక్కడితో ఆపేయండి. సర్టిఫికెట్లు చూపించండి, జిరాక్స్ కాపీలు ఇవ్వండి. అసలు కాగితాలు మాత్రం మీ చేతిలోంచి దాటనివ్వకండి.

ఇక ఉద్యోగం. మా సీనియర్ అక్క ఒకామె చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీలో పనిచేస్తోందని తెలిసి, ఒక ఆదివారం ఆమె గదికి వెళ్ళాను. జీతమెంత అని అడగలేదు. నిన్న పొద్దుటి నుంచి ఏమేం చేశావో వరసగా చెప్పక్కా అన్నాను. ఆమె గంటసేపు చెప్పింది. నమూనా ఎలా వస్తుంది, దానికి నంబరు ఎలా వేస్తారు, తూకం ఎలా వేస్తారు, ఎన్ని గంటలు నిలబడాలి, కళ్ళు ఎక్కడ మండుతాయి, ఏ వాసన పడదు, సూపర్‌వైజర్ ఎప్పుడు అరుస్తాడు, అన్నీ. వింటూ ఉంటే నాకు ఆ గాజు గొట్టాలు కళ్ళముందు కదిలాయి. నాలుగో రోజే దరఖాస్తు తీసుకుని ఆ గేటు దగ్గర నిలబడ్డాను.

చేర్చుకున్నారు. నెలకు 2,200 రూపాయలు. మొదటి మూడు నెలలు నాతో చేయించిన పని గాజు సామాను కడగడం. బీఎస్సీ ఫస్ట్ క్లాసు వచ్చిన పిల్ల గిన్నెలు కడగడమేమిటని నాతో చేరిన ఇద్దరు నెల తిరగకుండా మానేశారు. నాకూ బాధేసింది, దాచను. కానీ అక్కడున్న పెద్దాయన ఒకరు కడిగిన ఫ్లాస్కును వెలుతురుకు పట్టి చూపించారు. శుభ్రమైన గాజు మీద నీళ్ళు పలచటి పొరలా జారతాయి. ఎక్కడన్నా జిడ్డు ఉంటే అక్కడ నీళ్ళు విరిగి చుక్కలు చుక్కలుగా నిలుస్తాయి. ఆ చుక్క ఉన్న ఫ్లాస్కులో కొలత తీస్తే కొలత తప్పు, కొలత తప్పితే ఆ బ్యాచ్ మందుకు వేసే ముద్ర తప్పు. అప్పటి నుంచి నేను కడిగిన ప్రతి ఫ్లాస్కునూ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసేదాన్ని. ఇప్పుడు మందులో ఏది ఎంత ఉందో విడదీసి కొలిచే లక్షల రూపాయల హెచ్‌పీఎల్‌సీ యంత్రాల మధ్య పనిచేస్తున్నా, కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజు చూపించేది ఆ ఫ్లాస్కునే.

సరే, మీ సంగతికి వద్దాం. రోజు ఎలా గడుస్తుందో చూడమంటే ఎక్కడ చూడాలి? మన చుట్టూ ఉన్నవన్నీ అవే. మిర్యాలగూడలో రైసు మిల్లులు ఉన్నాయి. బీకాం వాళ్ళు ఒక్కసారి ఏ మిల్లు అకౌంటెంట్ దగ్గరికైనా వెళ్ళి, పదో తారీఖు సాయంత్రం పక్కన కూర్చోనివ్వమని అడగండి. పదకొండుకు అమ్మకాల వివరాలతో జీఎస్టీఆర్-1 వేయాలి, ఇరవైకి పన్ను లెక్క తేల్చే 3బీ వేయాలి. ఒక లారీ బిల్లులో నంబరు తప్పు పడి ఉంటుంది, కొనుగోలుదారు ఫోను ఎత్తడు, యజమాని వెనక నిలబడి ఉంటాడు. ఆ సాయంత్రం ఆ చిక్కుముడి విప్పుతుంటే మీకు ఉత్సాహం వచ్చిందా, అది మీ పని. తల తిరిగిందా, ఇప్పుడే తెలిసినందుకు మంచిది. దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. కృష్ణ ఒడ్డున హుజూర్‌నగర్, మేళ్ళచెరువు వైపు సిమెంటు కర్మాగారాలున్నాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. అక్కడి ల్యాబ్ టెక్నీషియన్ పొద్దున ఎన్ని రక్తం నమూనాలు తీస్తారో, ఏడ్చే పసిపిల్ల చేతిలో నరం ఎలా దొరకబుచ్చుకుంటారో అడగండి. పాలమూరు వైపు చుట్టాలున్న వాళ్ళకు జడ్చర్ల దగ్గర పోలేపల్లి మందుల కంపెనీలున్నాయి. పోచంపల్లిలో మగ్గం నేసే వాళ్ళ పిల్లలు ఈ హాల్లో ఉండే ఉంటారు. నూలుకు ముడులు వేసి రంగు అద్దడంలో ఎంత లెక్క ఉందో మీకు తెలిసినట్టు డిజైన్ చదువుకున్న వాళ్ళకు కూడా తెలియదు. ఆ తెలివిని చిన్నచూపు చూడకండి.

వెళ్ళి అడిగితే చెబుతారా అని మీకు అనుమానం ఉండవచ్చు. నా అనుభవంలో చెబుతారు. తన పని గురించి శ్రద్ధగా అడిగే మనిషి ఎవరికీ రోజూ దొరకడు. జీతం అడిగితే ముఖం తిప్పుకుంటారు గానీ, "నిన్న మీరు చేసిన పని చెప్పండి" అంటే కుర్చీ జరిపి కూర్చోబెడతారు. ఈ సెలవుల్లో ముగ్గురిని అడగండి. ముగ్గురూ వేరువేరు పనులు చేసేవాళ్ళై ఉండాలి. ఇంటికి వెళ్ళి వాళ్ళు చెప్పినది రాసుకోండి. ఆ మూడు రోజుల్లో ఏ రోజును మీరు గడపగలరో మీకే తెలుస్తుంది.

చూడడం కంటే మంచి దారి, కొన్నాళ్ళు చేయడం. మన దేశంలో అప్రెంటిస్‌ల చట్టం 1961 నుంచీ ఉంది. ఐటీఐ వాళ్ళకు దాని గురించి బాగా తెలుసు, డిగ్రీ వాళ్ళు పట్టించుకోరు. డిగ్రీ, డిప్లొమా చదివిన వాళ్ళ కోసం నాట్స్ అని కేంద్ర ప్రభుత్వ పథకం ఉంది. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు, రుసుము లేదు. కంపెనీలో పని నేర్పిస్తారు, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు, చివర సర్టిఫికెట్ ఇస్తారు. అయిపోయాక అక్కడే ఉద్యోగం ఇవ్వాలన్న నియమం లేదు, ఆ మాట తెలిసే చేరండి. మా ల్యాబ్‌లో ఇప్పుడున్న వాళ్ళలో నలుగురు అలా వచ్చిన వాళ్ళే. వాళ్ళకు మేము ఇంటర్వ్యూ పేరుకే చేశాం. ఏడాది పాటు వాళ్ళ చేతులను చూశాం కదా.

గ్రూప్స్ అన్న వాళ్ళ కోసం కాస్త ఆగుతాను. సర్కారు ఉద్యోగం కోరుకోవడం తప్పని చెప్పడానికి నాకు నోరు రాదు. వానలు నమ్ముకుని బతికిన ఇళ్ళు మనవి. నెల మొదటి తారీఖున తప్పకుండా వచ్చే జీతం ఏమిటో మనకు తెలుసు. కానీ లెక్క కూడా చూడండి. 2022 డిసెంబరులో గ్రూప్-4 నోటిఫికేషన్ వచ్చింది. పోస్టులు 8,180. దరఖాస్తులు సుమారు 9.5 లక్షలు. అంటే ఒక్కో కుర్చీకి దాదాపు 116 మంది. పరీక్ష 2023 జూలై 1న జరిగింది. తుది ఎంపిక జాబితా 2024 నవంబరులో వచ్చింది. నోటిఫికేషన్ నుంచి జాబితా దాకా దాదాపు రెండేళ్ళు. ఆ రెండేళ్ళు హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఇరుకు గదిలో, ఇంటి నుంచి వచ్చే డబ్బు మీద గడిపిన పిల్లలు నాకు తెలుసు. రానివాళ్ళు తెలివి తక్కువ వాళ్ళు కానే కాదు. 116 మందిలో 115 మందికి రాకపోవడం లెక్క ప్రకారం జరిగేదే.

అందుకని రాయొద్దని చెప్పను. పని చేస్తూ రాయండి. చిన్న పని అయినా సరే, మీ భోజనం ఖర్చు మీరు పెట్టుకుంటే గదిలో నిద్ర పడుతుంది. ఎన్ని సంవత్సరాలు రాస్తారో ఇప్పుడే, మనసు స్థిమితంగా ఉన్నప్పుడే, అమ్మానాన్నల ముందు చెప్పండి. అలాగే గ్రూప్-4లో వచ్చే జూనియర్ అసిస్టెంట్ రోజు ఎలా ఉంటుందో తహసీల్దారు కార్యాలయానికి వెళ్ళి చూడండి. కుల ధ్రువీకరణ పత్రం కోసం మూడోసారి వచ్చిన ముసలమ్మకు ఓపికగా జవాబు చెప్పడం మీకు నచ్చే పనైతే, మీరు అక్కడికి తప్పకుండా రావాలి. అలాంటి వాళ్ళు ఆ కుర్చీల్లో ఉండాలని మర్రిగూడ నుంచి వచ్చిన నేను మనసారా కోరుకుంటాను.

ఇప్పుడు ఇంటర్వ్యూ. నేను పదేళ్ళుగా బల్లకు అవతలి వైపు కూర్చుంటున్నాను. అక్కడి నుంచి ఏం కనిపిస్తుందో చెబుతాను.

మా దగ్గర మాటలతో పాటు చిన్న ప్రయోగం కూడా పెడతాం. బ్యూరెట్‌లో క్షారం, ఫ్లాస్కులో ఆమ్లం, రెండు చుక్కల ఫినాఫ్తలీన్. మీరు ఇంటర్‌లోనే చేసిన టైట్రేషన్. బ్యూరెట్ గొట్టంలోంచి క్షారాన్ని చుక్కచుక్కగా వదులుతూ, ఫ్లాస్కులో లేత గులాబీ రంగు నిలవగానే ఆపి, ఎంత పట్టిందో చదవాలి. రెండేళ్ళ కిందట ఒకే రోజు ఒక అబ్బాయి, ఒక అమ్మాయి వచ్చారు. అబ్బాయికి మార్కులు ఎక్కువ, మాట ధాటి ఉంది. అతని ఫ్లాస్కు ముదురు గులాబీ రంగుకు వెళ్ళిపోయింది, అంటే అవసరమైన దానికంటే ఎక్కువ పోసేశాడు. కానీ కాగితం మీద మాత్రం సరిగ్గా రావాల్సిన అంకె రాసిచ్చాడు. లెక్క వేసుకుని ఆ అంకె ముందే తెలుసుకున్నాడు. అమ్మాయి బ్యూరెట్ దగ్గర కొద్దిగా వంగి, ద్రవం వంపు అడుగుభాగం తన కంటికి సమానంగా వచ్చేలా చూసుకుని చదివింది. మొదటిసారి ఆమెది కూడా ముదిరిపోయింది. చేతులు వణుకుతున్నాయి. "మేడం, ఒక చుక్క ఎక్కువ పడింది, ఇది లెక్కలోకి తీసుకోను, మళ్ళీ చేస్తాను" అంది. రాసిన అంకె మీద ఒక్క గీత కొట్టి, పక్కన కారణం రాసి, మళ్ళీ రెండుసార్లు చేసింది. రెండు అంకెలూ కలిశాయి. లేత గులాబీ రంగు, తెల్ల కాగితం మీద పెడితేనే కనిపించేంత లేతగా.

ఆమె మాతోనే ఉంది ఇప్పుడు. మందుల ల్యాబ్‌లో తప్పు జరిగితే వైట్‌నర్ పూయకూడదు, కాగితం చింపకూడదు. ఒకే గీత, కింది అంకె కనిపించేలా. సంతకం, తేదీ, కారణం. ఆ నియమం ఆమెకు ఎవరూ చెప్పలేదు, కాలేజీ రికార్డు రాస్తూ తానే అలవాటు చేసుకుందట. మీ రికార్డులు పక్కవాళ్ళవి చూసి రాసుకుంటున్న వాళ్ళు ఉంటే, దయచేసి ఈ నెల నుంచి మానేయండి. మేము పరీక్షించేది అక్కడ కుదిరిన చేతినే.

ప్రయోగాలు లేని ఉద్యోగాల ఇంటర్వ్యూల్లోనూ ఇదే జరుగుతుంది. "మీ గురించి చెప్పండి" అనగానే చాలామంది కష్టపడతాను, నిజాయతీగా ఉంటాను, జట్టుతో కలిసి పనిచేస్తాను అని అప్పగిస్తారు. రోజుకు ఇరవై మంది అదే చెబుతుంటే మాకు ఒక్కరూ గుర్తుండరు. ఒక అబ్బాయి మాత్రం, వాళ్ళ నాన్న ట్రాక్టర్ బాడుగ లెక్కలు మూడేళ్ళుగా తానే నోటుబుక్కులో రాస్తున్నానని, ఏ రైతు ఎంత బాకీయో నెలాఖరుకు తేల్చి చెబుతానని అన్నాడు. ఆ నోటుబుక్కు సంచిలో ఉందా అని అడిగాం. ఉంది. ఆ ఒక్క నోటుబుక్కు అతని రెండు పేజీల బయోడేటా కంటే ఎక్కువ చెప్పింది. బయోడేటా ఒక పేజీ చాలు. మీ చేతులతో చేసిన పనులు రాయండి, చేయనివి రాయకండి. బ్యాక్‌లాగ్‌లు ఉంటే దాచకండి, సర్టిఫికెట్ల పరిశీలనలో ఎలాగూ తెలుస్తుంది.

ఇంగ్లీషు గురించి అడగకపోయినా చెబుతాను, ఎందుకంటే ఆ భయం మీ కళ్ళలో కనిపిస్తోంది. నేను పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం. మొదటి ఉద్యోగంలో నా జేబులో చిన్న పుస్తకం ఉండేది. పక్కవాళ్ళు వాడిన ప్రతి కొత్త మాట రాసుకుని, రాత్రి గదిలో ఆ మాటతో మా ల్యాబ్ గురించి ఒక వాక్యం పైకి చదివేదాన్ని. ఏడాదిలో పని నడిపేంత ఇంగ్లీషు వచ్చింది. మీరు ఇంటర్వ్యూకు ముందు చేయాల్సింది ఒక్కటే. మీరు నిజంగా చేసిన ఒక ప్రాజెక్టునో ఒక పనినో ఇంగ్లీషులో పది వాక్యాల్లో మీరే రాసుకోండి, పదిసార్లు స్నేహితురాలి ముందు చెప్పండి. సొంతంగా చేసిన పని గురించి మాట్లాడేటప్పుడు మాటలు వెతుక్కోవాల్సిన అవసరం తగ్గుతుంది. మధ్యలో మాట దొరక్కపోతే తెలుగులో చెప్పవచ్చా అని అడగండి. మేము చాలాసార్లు ఒప్పుకుంటాం.

ఆఫర్ లెటర్ వచ్చిందనుకోండి. అందులో సీటీసీ, అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు, సంవత్సరానికి 2,16,000 అని ఉంటుంది. పన్నెండుతో భాగించి, నెలకు 18,000 వస్తుందని ఇంట్లో చెప్పేస్తారు. నెలాఖరుకు బ్యాంకులో పడింది చూసి కంపెనీ మోసం చేసిందనుకుంటారు. మా దగ్గర ప్రతి సంవత్సరం ఒకరిద్దరు కన్నీళ్ళు పెట్టుకుంటారు. అందుకే ఈ లెక్క ఒక్కసారి రాసుకోండి. మూల వేతనం 9,000 అనుకుందాం. మీ పేరున కంపెనీ కట్టే పీఎఫ్ అందులో 12 శాతం, 1,080 రూపాయలు. కంపెనీ కట్టే ఈఎస్ఐ 3.25 శాతం, గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టేది ఇంకొంత. ఇవన్నీ ఆ 18,000లోనే కలిపి చూపిస్తారు. అవి తీసేస్తే నెల జీతం దాదాపు 15,960. దాంట్లోంచి మీ వంతు పీఎఫ్ మళ్ళీ 1,080, ఈఎస్ఐ 0.75 శాతం చొప్పున 120, వృత్తి పన్ను 150 పోతాయి. చేతికి వచ్చేది 14,600 చిల్లర. భోజనం, బస్సు ఖర్చు పట్టుకునే చోట ఇంకాస్త తగ్గుతుంది.

పోయిందనుకున్న డబ్బు పోలేదు. పీఎఫ్ మీదే, కంపెనీ మారినా మీ పీఎఫ్‌కు ఇచ్చే యూఏఎన్ నంబరు మారదు. ఈఎస్ఐ కార్డుతో మీకు, మీ మీద ఆధారపడిన అమ్మానాన్నలకు వైద్యం అందుతుంది. మా నాయన మోకాలికి చికిత్స ఆ కార్డు మీదే జరిగింది. కాబట్టి చేరే ముందు హెచ్ఆర్ వాళ్ళను అడగండి: చేతికి ఎంత వస్తుంది, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా, బాండు ఉందా, ఉంటే ఎన్ని సంవత్సరాలు, ముందే మానేస్తే ఎంత కట్టాలి. ఈ ప్రశ్నలు అడిగిన వాళ్ళను మేము తక్కువగా చూడం. జాగ్రత్తపరులని అనుకుంటాం. పీఎఫ్ లేకుండా, కాగితం ఇవ్వకుండా, నగదు చేతిలో పెడతామంటే మాత్రం రెండుసార్లు ఆలోచించండి.

చేరిన మొదటి మూడు నెలలు కష్టంగా ఉంటాయి. కాళ్ళు నొప్పి పుడతాయి, ఇల్లు గుర్తొస్తుంది, ఎవరో ఒకరు అరుస్తారు. ఆ మూడు నెలల్లో మానేయాలా వద్దా అని తేల్చుకోకండి. ఏడాది తర్వాత మళ్ళీ ఇదే ప్రశ్న వేసుకోండి: ఈ రోజు ఎలా గడిచింది? వరసగా చాలా రోజులు కొత్తగా ఏమీ నేర్చుకోకుండా గడిచి ఉంటే మారండి, నిస్సంకోచంగా మారండి. పక్క కంపెనీ వాళ్ళు వెయ్యి ఎక్కువ ఇస్తారని మాత్రమే మారితే, అక్కడ మళ్ళీ ఫ్లాస్కులు కడగడం దగ్గరి నుంచే మొదలవుతుంది.

నేను చెప్పదలచుకున్నది అయింది. మీరు అడగండి.

చెప్పు తల్లీ, లేచి నిలబడి చెప్పు. ఆ, వినపడింది. అందరి కోసం మళ్ళీ చెబుతాను. ఈ అమ్మాయికి ల్యాబ్ పని అంటే ఇష్టమట. వాళ్ళ నాన్నగారు ఫ్యాక్టరీలో ఆడపిల్ల పని చేయడమేమిటి, బీఈడీ చేసి టీచర్‌వి అవ్వు అంటున్నారట. ఎలా ఒప్పించాలని అడుగుతోంది.

మీ నాన్నగారితో వాదించకు తల్లీ. ఆయన కూడా ఫ్యాక్టరీ అన్న పేరునే చూస్తున్నారు. పొగ గొట్టాలు, రాత్రి పూట మగవాళ్ళు, గేటు దగ్గర గొడవలు ఆయన కళ్ళముందు ఉన్నాయి. నువ్వు కూర్చునే గది ఆయనకు తెలియదు. మా నాయన కూడా మొదట ఒప్పుకోలేదు. మా సీనియర్ అక్క ఆయనను ఒక రోజు గేటు దాకా తీసుకెళ్ళి, లోపలి నుంచి సాయంత్రం ఆడపిల్లలందరూ కంపెనీ బస్సెక్కడం చూపించింది. ఆయన ఆ బస్సు వెనకే నార్కట్‌పల్లి దాకా తన మోటారు సైకిల్ మీద వచ్చాడు. ఏమీ అనలేదు. మరుసటి సోమవారం నా టిఫిన్ డబ్బా ఆయనే కట్టించాడు.

టీచర్ పని కూడా ఒకసారి చూడు. మీ ఊరి బడిలో ఒక రోజు చివరి బెంచీలో కూర్చుని చూడు. అది నచ్చితే మీ నాన్నగారి మాటే వినవచ్చు. ల్యాబే కావాలనిపిస్తే ఆయనను నా దగ్గరికి తీసుకురా. మా ల్యాబ్ లోపలికి బయటివాళ్ళను రానివ్వరు గానీ, కిటికీ అద్దంలోంచి చూపించడానికి ముందుగా చెబితే అనుమతి ఇస్తారు. కంపెనీ బస్సు పొద్దున ఆరూ ఇరవైకి క్లాక్ టవర్ దగ్గర ఆగుతుంది. నేను డ్రైవర్ వెనక సీటులో ఉంటాను. ఏ రోజు వస్తారో మీ మేడంకు చెప్పి ఉంచు, మీ ఇద్దరి పేర్లు గేటులో ముందే రాయిస్తాను.

ఇంకెవరన్నా అడుగుతారా? ఆ వెనక, మెట్ల దగ్గర తల వంచుకున్న బాబు, చెయ్యి ఎత్తావు కదా. చెప్పు నాయనా.